ఇల్లు చూడటానికి ఓడెక్కిన సిద్ధమ్మ

సిద్ధమ్మకు నీళ్ళంటే భయం. గుడుపల్లె దగ్గర బోర్లెండిపోయిన పల్లెలో ఉంటూ నీళ్ళంటే భయమేమిటని నవ్వేవాళ్ళు నవ్వేవారు. ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరస పెట్టుకునే ఊళ్ళో నీళ్ళు లేకపోతే కదా భయం! నవ్వడానికేం, నోరుంటే చాలు. ఆమె చిన్నప్పుడు సదుం దగ్గర పుట్టింట్లో చూసింది వాళ్ళు చూడలేదు. పైన కొండల్లో వాన పడింది, కింద చినుకు లేదు. పొడి ఇసుక తేలిన వంకలో తండ్రి ఎల్లప్ప గొర్రెలను దాటిస్తున్నాడు. గట్టు మీద నిలబడి ఆమె వెనకబడిన గొర్రెపిల్లలను అదిలిస్తోంది. ఎర్రటి నీళ్ళు మలుపు తిరిగి ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. ఎల్లప్ప ఒక పొద పట్టుకుని గట్టెక్కాడు గానీ మందలో సగం కొట్టుకుపోయింది. తలలు పైకెత్తి అరుస్తూ పోయిన ఆ గొర్రెలు ఈ వయసులోనూ ఆమె కలలోకి వస్తాయి. చెరువు కట్ట మీద నడవాల్సి వస్తే నీళ్ళ వైపు చూడకుండా, పొలాల వైపు అంచు పట్టుకుని నడుస్తుంది.

అలాంటి మనిషి ఒంటరిగా సముద్రం మీదికి పోయింది. ఎవరూ నెట్టలేదు. తన నోటితో తానే తెచ్చుకుంది.

ఆమె కూతురు ఉష మదనపల్లెలో హోటల్ కోర్సు చదివింది, బెంగళూరులో ఒక పెద్ద హోటల్లో పని చేసింది. ఒకనాడు సెలవు మీద ఇంటికొచ్చి, తల్లి గొర్రెపిల్లలకు పాలు తాపుతుంటే పక్కన గొంతుక్కూర్చుని, తనకు ఓడలో ఉద్యోగం వచ్చిందని చెప్పింది. ఊళ్ళు తిప్పి చూపించే ఓడ, లోపలంతా హోటలే, అందులోనే పని, అందులోనే పడక. తండ్రి నారాయణస్వామి విన్నాడు, తలపాగా తీసి నేలకేసి కొట్టాడు.

"సముద్రంలో పనేంది? నేను సచ్చినా పంపను," అన్నాడు.

ఉష అన్నం మానేసింది. కూతురు పస్తుంటే నారాయణస్వామికి ముద్ద దిగదు. రెండో పూటకే మెత్తబడి, "నాకేం తెలవదప్పా, మీయమ్మ ఏం సెప్తే అదే," అని భారమంతా పెళ్ళాం నెత్తిన పెట్టి, గొర్రెలు తోలుకుని కొండ వైపు పోయాడు. మగవాళ్ళకు మందలున్నది ఇందుకే.

సిద్ధమ్మ ఏం చెప్పాలో తెలియక, తమ వాళ్ళు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. "ఇల్లు సూడకుండా పిల్లను పంపేది యాడన్నా ఉండాదా?"

"అయితే పొయ్యి సూసి రా మా," అంది ఉష.

తమాషాకంటోందనుకుంది సిద్ధమ్మ. ఉష తమాషా చేసే పిల్ల కాదు. చెన్నపట్నంలో ఎక్కించుకుని, సముద్రంలో తిప్పి, మళ్ళీ అక్కడే దింపే ఓడ ఒకటుంది. తాను చేరబోయేది అదే మాదిరి ఓడ. తన జీతంతో తల్లికి టిక్కెట్టు తీసి ఫోనులో చూపించింది. అప్పుడు సిద్ధమ్మ చేతిలోని పాలసీసా జారి కింద పడింది.

ఇల్లు చూడటమంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. గొర్రెలు, గొడ్లు పెట్టుకుని బతికే ఆ కుటుంబాల్లో, పిల్లనిచ్చే ముందు పెద్దవాళ్ళు మగపెళ్ళివారింటికి పోతారు. ముందు గది చూడరు. సున్నం కొట్టుకుంటే ఎవరి ముందు గదైనా తెల్లగానే ఉంటుంది. నేరుగా గొడ్ల కొట్టంలోకి పోతారు. పశువుల డొక్కలు చూస్తారు, పలుపు రాసుకున్న మెడలు చూస్తారు, కళ్ళలోకి చూస్తారు. ఆ ఇంట్లో గొడ్డు ఎట్లుంటే కోడలూ అట్లే ఉంటుందని వాళ్ళ లెక్క. చూసి, కూర్చుని, మాట తేలేదాకా ఆ ఇంట పచ్చి మంచినీళ్ళు ముట్టరు. ముట్టారంటే మాట ఇచ్చినట్టే. ఇచ్చాక వెనక్కి తీసుకోవడం లేదు.

సిద్ధమ్మ పెళ్ళి అట్లాగే కుదిరింది, లేదా అట్లాగే చెడింది. పుంగనూరు సంతలో గొర్రెలమ్మి, అటు నుంచి అటే గుడుపల్లెకు వచ్చాడు ఎల్లప్ప. నడి వేసవి. గొంతు పిడచకట్టుకుపోయింది. గడపలో కాలు పెట్టగానే ఎవరో మజ్జిగ చెంబు చేతికిచ్చారు. దాహంలో మరిచిపోయి గటగటా తాగేశాడు. ఆ తర్వాత కొట్టంలోకి పోయి చూస్తే ఎద్దుల ఎముకలు లెక్కపెట్టేటట్టున్నాయి. ఇంటికొచ్చి కూతురితో, "తాగేసినాను కదమ్మా," అన్నాడు. అంతే. ఇంకో మాట లేదు. నారాయణస్వామి చెడ్డవాడు కాడు గానీ, అత్త బతికున్నన్నాళ్ళూ సిద్ధమ్మ అందరూ తిన్నాక మూకుడు గీక్కుని, అదీ నిలబడి, తినింది. ఎవరితోనూ చెప్పుకోలేదు. కడుపులో మాత్రం ఒక మాట పెట్టుకుంది. తన బిడ్డ దగ్గరికొచ్చేసరికి, చూడాల్సింది చూడకుండా గొంతు తడుపుకోకూడదు.

ఉష తోడొస్తానంది. సిద్ధమ్మ ఒప్పుకోలేదు.

"పెండ్లికూతురే తన ఇల్లు సూసుకోను పోతాదా? నలుగురు నవ్వుతారు. నేనే పోతా."

నోరు అన్నది, కాళ్ళు వినలేదు. కుప్పంలో రైలెక్కేటప్పుడే రెండుసార్లు కాలు వెనక్కి తీసుకుంది. చెన్నపట్నం హార్బరు గేటు దగ్గర ఆ ఓడను చూడగానే పై ప్రాణాలు పైనే పోయాయి. అది ఓడ కాదు, నీళ్ళలో ఊరు. అంత బరువు నీళ్ళ మీద నిలవడం న్యాయం కాదనిపించింది ఆమెకు.

గేటు దాకా దిగబెట్టడానికి వచ్చిన ఉష, తల్లి తెచ్చుకున్న మూట చూసి అడిగింది. "రాగి సంగటి, ఊరుబిండి యాలమ్మా? లోపల కావాల్సినంత పెడతారు."

"ఊరికే," అంది సిద్ధమ్మ.

లోపల తనిఖీ చేసేవాళ్ళు ఆ మూట తీసేసుకున్నారు. నీళ్ళ క్యానూ తీసేసుకున్నారు. బయటి తిండి లోపలికి రాకూడదట. చేతిలో సగం తాగిన చిన్న సీసా ఒకటి, నడుం దగ్గర వక్కాకు సంచిలో బెల్లంముక్కా మిగిలాయి. ఉష గేటవతల ఉండిపోయింది. వెనక్కి పోదామా అనుకుంది సిద్ధమ్మ. పోతే ఉషకు ఏమని చెప్పాలి? చూడకుండానే వద్దంటే, చూడకుండానే తాగేసిన తండ్రికీ తనకూ తేడా ఏముంది? గుండె అరచేతిలో పెట్టుకుని మెట్లెక్కింది.

గది ఆసుపత్రి గదంత తెల్లగా ఉంది. కార్డు గీస్తే తప్ప తలుపు తెరుచుకోదు. మరుగుదొడ్లో మీట నొక్కితే పెద్ద పెట్టున గర్జించి అంతా లోపలికి గుంజుకుంది. ఆమె ఒక్క గెంతులో బయట పడి, తన కాళ్ళూ చేతులూ ఉన్నాయో లేదో చూసుకుంది. కాసేపటికి ఓడంతా గంటలు మోగాయి. ఓడ మునిగితే ఏం చెయ్యాలో చూపిస్తామని అందరినీ ఒకచోటికి చేర్చారు. ఇంకా కదలనైనా కదలలేదు, అప్పుడే మునగడం గురించి! వరండాలోంచి చూస్తే పక్కన చిన్న పడవలు వేలాడదీసి ఉన్నాయి.

"ఇల్లు గట్టిదయితే పక్కన ఇంకో ఇల్లు యాల కట్టిపెట్టుకుంటారు?" అని గొణుక్కుంది.

సాయంత్రం ఓడ కూత వేసి కదిలింది. ఒడ్డు సన్నబడి, గీతయి, పోయింది. ఎటు చూసినా నీళ్ళే. వంకలో నీళ్ళకు రెండు గట్లుంటాయి, పట్టుకోవడానికి పొదలుంటాయి. వీటికి ఏమీ లేదు. ఫోను తీస్తే సిగ్నలు లేదు. తాను ఇక్కడ చచ్చినా కుప్పంలో ఎవరికీ తెలియదన్న ఆలోచన వచ్చింది, రాగానే చెమట పట్టింది. గదిలోకి పరుగెత్తి, అలమరలోని నారింజ రంగు తేలుడు కోటు తీసి తొడుక్కుని, బిగించి కట్టుకుని, దానితోనే పడుకుంది.

తెల్లారి గది ఊడ్చడానికి వచ్చిన పిల్ల, ఆ అవతారంలో కూర్చున్న మనిషిని చూసి నవ్వబోయి ఆపుకుంది. ఆ పిల్ల పేరు సెల్వి, తూత్తుకుడి పిల్ల. కుప్పం వైపు వాళ్ళకు తమిళం అరువు భాష కాదు. సిద్ధమ్మకు ఓడెక్కాక మొదటిసారి ఊపిరాడింది.

"తిన్నావా అమ్మా?" అనడిగింది సెల్వి.

"నాకు ఆకలి లేదు పాపా," అంది సిద్ధమ్మ. అది పచ్చి అబద్ధం. పై అంతస్తులో భోజనశాల వాసనలు గదిలోకే వస్తున్నాయి. బెల్లం అయిపోయింది. సీసాలో ఒక గుక్క ఉంది.

ఆకలిని లెక్కచెయ్యకుండా పనిలోకి దిగింది. ముందు గదులను వదిలేసి, పనివాళ్ళను చూసింది. ఆమె కళ్ళకు వాళ్ళే ఈ ఇంటి గొడ్లు. మాట మొరటుగా ఉందంటే ఉండనీ, ఆమె ప్రేమ ఆ మాటలోనే ఉంది. పళ్ళేలు మోసే పిల్లల మణికట్లు చూసింది, నిలబడి నిలబడి వాచిన పాదాలు చూసింది. ప్రయాణికులు ఎదురైతే నవ్వుతున్నారు, దాటిపోగానే ఆ నవ్వు ఆరిపోతోంది. ఒక మూల ఒక పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది. సిద్ధమ్మ గుండె జారింది. అక్కడ ఆమెకు ఉషే కనిపించింది.

గదికొచ్చి సెల్విని పట్టుకుంది. "మీరు పండుకునేది యాడ?"

"కింద, అమ్మా."

"కిందంటే?"

సెల్వి తలగడ గలీబు లాగి సరిచేసింది. తర్వాత, "నీళ్ళ మట్టానికి కింద," అంది.

సిద్ధమ్మకు ఇంక ఏమీ వినిపించలేదు. తన బిడ్డ నీళ్ళ అడుగున నిద్రపోతుంది. తల మీద సముద్రం ఉంటుంది. మందలో సగాన్ని మింగిన ఆ వంక ఎన్ని వేలు కలిస్తే ఇంత నీళ్ళవుతాయో! వద్దు. అయిపోయింది. ఇంక చూసేది లేదు, పంపేదీ లేదు. ఆ నిర్ణయంతో మనసు కుదుటపడాలి కదా, పడలేదు. కొట్టం చూడకుండా మాట తేల్చడం ఆమెకు చేతకాదు. చూడనివ్వమంటే సెల్వి, అక్కడికి ప్రయాణికులు రాకూడదని చేతులు జోడించింది.

మధ్యాహ్నం గాలి లేచింది. ఓడ ఒక పక్కకు ఒరిగి, ఆలోచించినట్టు ఆగి, మళ్ళీ ఇటు ఒరుగుతోంది. కక్కుకోవడానికి కూడా ఏమీ లేదు. మంచం పట్టుకుని పడుకుంటే పోయేది. మొండిది. కోటు తొడుక్కునే, గోడలు పట్టుకుంటూ నడవలోకి వచ్చింది. పనివాళ్ళు పోయే ఇనుప తలుపు ఒకటి ఓరగా తెరిచి ఉంది. లోపల కిందికి మెట్లు. తెల్లగా లేవు, అలంకారాలు లేవు, ఇనుప కమురు వాసన. కొట్టం దారి ఇదేననుకుని కాలు పెట్టింది. ఓడ ఒరిగింది. కళ్ళు చీకట్లు కమ్మాయి.

కళ్ళు తెరిచేసరికి ఒక ఇరుకు మంచం మీద ఉంది. పైన ఇంకో మంచం. తల దగ్గర చిన్న మురుగన్ బొమ్మ, వాడిన మల్లెచెండు, ఒక నడివయసు ఆడమనిషి ఫోటో. కిటికీ లేదు. గోడ అవతల ఏదో మెల్లగా రాసుకుంటూ పోతున్న శబ్దం. అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. సిద్ధమ్మ గావుకేక పెట్టింది.

సెల్వి రెండు చేతులతో పట్టుకుంది. ఒక పిల్ల అరికాళ్ళు రుద్దుతోంది, ఇంకో పిల్ల అట్టముక్కతో విసురుతోంది. ఆ పిల్లలది ఏ దేశమో, ఏ భాషో. మెట్ల మీద పడిన మనిషిని పైకి మోయలేక, దగ్గరలో ఉన్న తమ గదికే మోసుకొచ్చారు. తలుపు దగ్గరికి పెద్ద అధికారి వచ్చాడు. సెల్వి లేచి నిలబడింది, ముఖం పాలిపోయింది. తన వల్ల ఈ పిల్ల పని ఊడుతుందని సిద్ధమ్మకు ఇంకో భయం. ఆయన గట్టిగానే ఏదో అన్నాడు. కాళ్ళు రుద్దుతున్న పిల్ల లేచి ఇంకేదో అంది. సెల్వి వాటా గదులు తామిద్దరం చేసేస్తామని చెప్పిందట, సెల్వి తర్వాత చెప్పింది. ఆయన తల గోక్కుని, డాక్టరమ్మను పంపి పోయాడు.

నీళ్ళ గ్లాసు పెదవులకు ఆనించారు. సిద్ధమ్మ పళ్ళు బిగించింది.

"తాగమ్మా, ప్రాణం పోతుంది."

సిద్ధమ్మ తల అడ్డంగా ఊపి, ఎందుకు ముట్టదో చెప్పింది. సెల్వికి ఈసారి నవ్వు ఆపుకోవాల్సిన పని రాలేదు, నవ్వు రాలేదు కాబట్టి. డాక్టరమ్మ విసుక్కుని చేతికి సెలైను పెట్టింది. నోట్లోంచి పోని నీళ్ళు ముట్టినట్టు కాదని సిద్ధమ్మ తనకు తానే తీర్పు చెప్పుకుంది.

"మీయమ్మ సూసిందా ఈ ఇల్లు?" అనడిగింది, ఫోటో వైపు చూస్తూ.

"లేదమ్మా. నా గదికి కిటికీ ఉందని చెప్పాను. పొద్దున్నే సూర్యుడు కనపడతాడని చెప్పాను."

"నీకు భయం లేదా పాపా?"

"ఎందుకు లేదు? మొదట్లో దుప్పటి కప్పుకుని ఏడ్చేదాన్ని. ఇట్లా గాలొస్తే ఇప్పటికీ భయమే."

"మరి యాల ఉండావు?"

సెల్వి సెలైను గొట్టం సరిచేసింది. "ఎవరైనా పంపి ఉంటే ఎప్పుడో పారిపోయేదాన్నమ్మా. నేనే వస్తానని వచ్చాను."

సిద్ధమ్మ గోడ వైపు తిరిగింది. గోడ అవతల సముద్రం రాసుకుంటూనే ఉంది. గుడుపల్లెలో కాపురానికి వచ్చిన కొత్తలో తానూ దుప్పటి కప్పుకుని ఏడ్చింది. పారిపోదామని కుప్పం రోడ్డు దాకా పోయి తిరిగొచ్చింది కూడా. ఆ ఇల్లు ఎద్దులు బక్కచిక్కినందుకు నచ్చలేదనుకుంది ఇన్నాళ్ళూ. ఆ చెంబెడు మజ్జిగ తాగే ముందు తండ్రి తనను ఒక్క మాట అడిగి ఉంటే! ఎద్దులు అవే, అత్త అదే, ఏడుపూ అదే అయ్యుండేది కావచ్చు. అయినా అడిగి ఉంటే బాగుండేది. ఆమెకు కోపం వచ్చింది, చనిపోయిన తండ్రి మీద, ఇంత ఆలస్యంగా. కోపం వెనకే ఇంకో భయం వచ్చింది. తానూ రేపు అదే చెయ్యబోతోంది. తాగినా, తాగకపోయినా, అడగకుండానే.

మూడోనాడు పొద్దున దూరంగా చెన్నపట్నం కనిపించింది. ఓడ హార్బర్లో చేరి ఆగింది. సెల్వి గదికొచ్చి, ఒక గ్లాసు మంచినీళ్ళు బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర నిలబడింది. సిద్ధమ్మ ఫోను మోగింది.

"మా! ఎట్లుండావు? గేటు కాడే ఉండాను. తిన్నావా?"

"లేదు."

ఉషకూ తెలుసు ఆ ఆచారం, ఆ మజ్జిగ కథ. "మా... నువ్వు ఇన్నాళ్ళూ ఏమీ ముట్టలేదా?"

"పాపా, ఇను. నీళ్ళు నా ముందర ఉండాయి. తాగల్నా, వద్దా? నువ్వు సెప్పు."

"అదేందమ్మా? సూసి సెప్పేదానికి కదా నువ్వు పొయినావు!"

"సూసినా. పండుకునేది నీళ్ళ అడుగున. కిటికీ లేదు. గాలొస్తే గోడలు మూలగతాయి. భయపడినా, ఇప్పుడు గుడా భయపడతాండాను. ఈడుండే పిల్లోళ్ళు ఒకరికొకరు అడ్డం నిలబడతారు. అంతే నేను సూసింది. మీ తాత నన్ను అడగలేదు. నేను అడగతాండాను."

గేటు దగ్గరి ఆటోల హారన్లు వినిపించాయి.

"నాకూ భయంగానే ఉండాది మా," అంది ఉష. ఏడుస్తోంది. "ఇన్నాళ్ళూ సెప్పలేదు. సెప్తే వద్దంటావని."

"అది కాదు నేనడిగింది."

"తాగు మా," అంది ఉష.

సిద్ధమ్మ గ్లాసు అందుకుంది. ఓడ ఎప్పుడో ఆగిపోయింది, గ్లాసులో నీళ్ళు మాత్రం కదులుతూనే ఉన్నాయి. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కళ్ళు తెరుచుకునే, చుక్క మిగల్చకుండా తాగింది.